జర్నల్‌కి పేపర్ పంపే ముందు ప్లేజియరిజం విషయంలో ఇవి చూస్కోండి

ప్లేజియరిజం అంటే ఇంకొకళ్ళ రాతనో పనినో పేరు చెప్పకుండా మనదన్నట్టు వాడుకోవడం, సిమిలారిటీ అంటే మన పేపర్‌లో ఎంత భాగం ఇదివరకు వచ్చిన రాతలతో కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క. "సిమిలారిటీ ఎంత పర్సెంట్ లోపు ఉంటే పేపర్ తీసుకుంటారు?" రీసెర్చ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కళ్ళూ అడిగే మాట ఇది, పది అని ఒకళ్ళు ఇరవై అని ఒకళ్ళు చెప్తుంటారు, ఆ నంబర్ కిందకి దించడానికి వాక్యాల్లో పదాలు మార్చుకుంటూ రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళు చాలామంది. అన్ని జర్నల్స్‌కీ కలిపి అలాంటి గీత ఏదీ లేదు. కొన్ని జర్నల్స్ లోపల్లోపల ఒక నంబర్ పెట్టుకుంటాయి, అది దాటితే ఎడిటర్ రిపోర్ట్‌ని ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తారు, అంతవరకే. 30 పర్సెంట్ చూపించిన పేపర్‌లో ఒక్క తప్పు కూడా లేకపోవచ్చు, 6 పర్సెంట్ చూపించిన పేపర్‌లో ఆ ఆరూ ఒకే సోర్స్ నుంచి వచ్చి, అదీ రిజల్ట్స్ సెక్షన్‌లో ఉంటే ఆ పేపర్ అక్కడితో ఆగిపోవచ్చు. ఎడిటర్ చూసేది ఏ వాక్యం, ఎక్కడ ఉంది, ఎవరిది, వాళ్ళ పేరు చెప్పారా లేదా అని. మనం కూడా మన పేపర్‌ని ఆ కళ్ళతోనే చూడటం నేర్చుకోవాలి, అదెలాగో చెప్పడానికే ఇంత రాస్తున్నా.

సబ్మిట్ చేశాక లోపల ఏం జరుగుతుంది

పెద్ద పబ్లిషర్స్ చాలావరకు వాడేది క్రాస్‌రెఫ్ వాళ్ళ సిమిలారిటీ చెక్ అనే సర్వీస్. పేపర్లకి డీఓఐ నంబర్లు (ఒక్కో పేపర్‌కీ ఉండే శాశ్వత గుర్తింపు నంబర్లు) రిజిస్టర్ చేసే సంస్థ క్రాస్‌రెఫ్, వాళ్ళు 2008లో దీన్ని క్రాస్‌చెక్ అనే పేరుతో మొదలుపెట్టి 2016లో పేరు మార్చారు. లోపల పనిచేసే సాఫ్ట్‌వేర్ మాత్రం ఐథెంటికేట్, కాలేజీల్లో వాడే టర్నిటిన్ ఉంది కదా, ఆ కంపెనీదే. దీని బలం ఎక్కడుందంటే, ఈ సర్వీస్‌లో చేరిన పబ్లిషర్స్ తమ పేపర్ల ఫుల్ టెక్స్ట్‌ని పోల్చి చూడటానికి ఇవ్వాలి, కాబట్టి డబ్బు కడితే గానీ తెరుచుకోని పేపర్లు కూడా ఆ డేటాబేస్‌లో ఉంటాయి, వాటితో పాటు వెబ్‌సైట్లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే ఆథర్లు ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లు), చాలా థీసిస్‌లు కూడా ఉంటాయి. గూగుల్‌లో వెతికితే దొరకట్లేదు కదా ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

సాఫ్ట్‌వేర్ చేసే పని సింపుల్‌గా చెప్పాలంటే, మీ టెక్స్ట్‌ని చిన్న చిన్న పదాల గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకి ఒక ఫింగర్‌ప్రింట్ లాంటి కోడ్ తయారుచేసి, డేటాబేస్‌లో అవే కోడ్‌లు ఎక్కడున్నాయో వెతుకుతుంది, వరసగా కొన్ని కలిస్తే ఆ భాగానికి రంగు వేసి పక్కన సోర్స్ నంబర్ ఇస్తుంది. మధ్యలో ఒకటి రెండు పదాలు మార్చినా చుట్టుపక్కల గుంపులు కలుస్తాయి కాబట్టి దొరికిపోతుంది. కానీ ఇది కలిసిన పదాలని మాత్రమే చూపిస్తుంది, అది దొంగతనమా, కోట్ చేశారా, మీ సొంత ప్రీప్రింటా అనేది దానికి తెలీదు. ఆ తీర్పు మనిషిదే. కొన్ని జర్నల్స్ పేపర్ రాగానే చెక్ చేస్తాయి, కొన్ని రివ్యూకి, అంటే ఆ ఫీల్డ్ వాళ్ళ చేత చదివించడానికి పంపే ముందు, కొన్ని యాక్సెప్ట్ చేసే ముందు, కొన్ని రెండుసార్లు చేస్తాయి, అందుకే రివ్యూ అంతా బాగా జరిగి చివర్లో కూడా సిమిలారిటీ గురించి మెయిల్ రావచ్చు.

ఇంకోటి, ఒకే పేపర్‌ని ఒకేసారి రెండు మూడు జర్నల్స్‌కి పంపేస్తే ఎవరికీ తెలీదు అనే నమ్మకం ఇంకా ఉంది. ఎస్‌టీఎం అనే పబ్లిషర్ల సంఘం 2022 నుంచి ఇంటిగ్రిటీ హబ్ అని ఒకటి నడుపుతోంది, వేరే వేరే పబ్లిషర్ల దగ్గరకి ఒకే మాన్యుస్క్రిప్ట్ వెళ్ళిందా అని చూసే టూల్ అందులో ఉంది. ఇదివరకు పబ్లిషర్ల మధ్య ఉన్న గోడ ఇప్పుడు అంత గట్టిగా లేదు.

ముందుగా మీరే చెక్ చేయించుకోవడం ఎలా

మీ యూనివర్సిటీ లైబ్రరీకి ఐథెంటికేట్ గానీ టర్నిటిన్ గానీ సబ్‌స్క్రిప్షన్ ఉంటే అక్కడ చేయించుకోండి, అదే అన్నిటికంటే మంచి దారి. చేయించే ముందు ఒక్క మాట అడగండి, ఈ ఫైల్ రిపాజిటరీలో, అంటే తర్వాత పోల్చడానికి వాళ్ళు దాచుకునే చోట, సేవ్ అవుతుందా అని. టర్నిటిన్‌లో సేవ్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ డ్రాఫ్ట్ అక్కడ ఉండిపోతుంది, తర్వాత కరెక్షన్స్ చేసి మళ్ళీ చెక్ చేస్తే మీ పేపర్ మీ పేపర్‌తోనే 90 పైన మ్యాచ్ అయి గుండె ఆగినంత పనవుతుంది. సేవ్ చేయకుండా చెక్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టమనండి. జర్నల్స్ వైపు నుంచి భయం లేదు, సిమిలారిటీ చెక్‌కి వెళ్ళిన మాన్యుస్క్రిప్ట్‌ని అందరూ పోల్చుకునే ఆ పెద్ద డేటాబేస్‌లో కలపరు, పబ్లిషర్ కావాలంటే తమ వరకే ఒక ప్రైవేట్ రిపాజిటరీ పెట్టుకోవచ్చు.

ఫ్రీగా చెక్ చేస్తామనే ఊరూ పేరూ లేని సైట్లలో మాత్రం ఇంకా పబ్లిష్ కాని పేపర్‌ని అప్‌లోడ్ చేయొద్దు, దయచేసి. రెండు కారణాలు. వాటికి పబ్లిషర్ల ఫుల్ టెక్స్ట్ అందుబాటులో ఉండదు కాబట్టి సున్నా వచ్చినా ఆ సున్నాకి విలువ లేదు, ఇక రెండోది ఇంకా ముఖ్యం, మీరు ఏళ్ళ తరబడి చేసిన పని ఎవరి సర్వర్‌లో పడుతుందో, అక్కడి నుంచి ఎటు పోతుందో మీ చేతుల్లో ఉండదు.

రిపోర్ట్ చేతికొచ్చాక పైన పెద్ద అక్షరాల్లో ఉన్న నంబర్‌ని కాసేపు పక్కన పెట్టండి. మొదట ఫిల్టర్లు చూడండి, రిఫరెన్స్ లిస్ట్‌ని తీసేశారా, కొటేషన్ మార్కుల్లో ఉన్నవి తీసేశారా, మరీ చిన్న చిన్న మ్యాచ్‌లు తీసేశారా అని. రిఫరెన్స్ లిస్ట్ కలిపి లెక్కేస్తే పేపర్ ఎంత నిజాయితీగా రాసినా నంబర్ బాగా పెరుగుతుంది, ఎందుకంటే అవే పేపర్లని అందరూ సైట్ చేస్తారు, అంటే ఆధారంగా పేరు చెప్తారు. రచయితల పేర్లు, అడ్రస్‌లు, ఎథిక్స్ కమిటీ అనుమతి గురించి రాసే వాక్యం, ఫండింగ్ వాక్యం, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ వాక్యం ఇవన్నీ అందరి పేపర్లలో ఒకేలా ఉంటాయి, వీటి గురించి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. తర్వాత మీ ప్రీప్రింట్ ఉంటే దాన్ని సోర్స్‌ల నుంచి తీసేసి చూడండి.

అప్పుడు మిగిలినదాంట్లో ఒక్కో సోర్స్ విడిగా ఎంత ఉందో చూడండి. యాభై సోర్స్‌ల నుంచి చెరో అర పర్సెంట్ వస్తే అది భాషలో సహజంగా కలిసే మాటలు అయ్యుంటాయి, ఒక్క సోర్స్ నుంచే 8 పర్సెంట్ వస్తే దాన్ని తెరిచి పక్కపక్కన పెట్టుకుని చదవాలి. చదివేటప్పుడు అది ఏ సెక్షన్‌లో ఉందో కూడా చూస్కోండి. మెథడ్స్‌లో "శాంపిల్స్‌ని ఇంత స్పీడ్‌లో ఇన్ని నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేశాం" లాంటి వాక్యాన్ని ఇంకోలా రాయడానికి పెద్దగా దారి లేదు, ఎడిటర్లకి అది తెలుసు. ఇంట్రడక్షన్‌లో పేరా పేరా కలిస్తే అది బద్ధకం కింద కనిపిస్తుంది, సరిచేయమంటారు, ఎక్కువుంటే వెనక్కి పంపేస్తారు. రిజల్ట్స్‌లోనో డిస్కషన్‌లోనో ఇంకొకళ్ళ వాక్యాలు కనిపిస్తే అప్పుడు అసలు ఈ పని వీళ్ళు చేశారా అనే అనుమానం మొదలవుతుంది, డేటా కూడా అడుగుతారు. అబ్‌స్ట్రాక్ట్‌లో రంగు పడితే అది ఎంత చిన్నదైనా మళ్ళీ రాయండి, ఎడిటర్ మొదట చదివేది అదే.

పదాలు మార్చడం వేరు, మళ్ళీ రాయడం వేరు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. ఊహకి ఒక వాక్యం అనుకుందాం, ఎవరిదో పేపర్‌లో ఇలా ఉంది: "మట్టిలో తేమ తగ్గేకొద్దీ వేర్లు లోతుకి పెరుగుతాయి, అయితే నైట్రోజన్ తక్కువైనప్పుడు ఈ పెరుగుదల ఆగిపోతుంది." దీన్ని మనవాళ్ళు ఇలా మారుస్తారు: "నేలలో చెమ్మ తగ్గేకొద్దీ వేళ్ళు కిందకి ఎదుగుతాయి, కానీ నత్రజని కొరవడినప్పుడు ఈ ఎదుగుదల నిలిచిపోతుంది." సాఫ్ట్‌వేర్ దీన్ని వదిలేయొచ్చు, ఒక్క పదం కూడా పెద్దగా కలవలేదు కదా. కానీ వాక్యం ఎముకల గూడు అంతా అదే, వరస అదే, మలుపు అదే. రెండూ పక్కన పెట్టుకుని చదివిన మనిషికి ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, కింద సైటేషన్ పెట్టినా సరే ఇది అరువు వాక్యమే.

నిజంగా మళ్ళీ రాస్తే ఎలా ఉంటుందంటే: "పొడి నేలలో వేర్లు ఎంత లోతుకి వెళ్తాయనేది నీటి కొరత ఒక్కదాని మీదే ఆధారపడదని, నైట్రోజన్ కూడా సరిపడా ఉండాలని ఫలానా వాళ్ళు చూపించారు, మా ప్లాట్లలో నైట్రోజన్‌కి లోటు లేదు, కాబట్టి మా తేడాలకి తేమే కారణమని అనుకుంటున్నాం." ఇక్కడ వాళ్ళ మాట వాళ్ళ పేరుతో ఉంది, దాన్ని మన పనికి ఎందుకు తెచ్చుకున్నామో కూడా ఉంది. ఎందుకు తెచ్చుకున్నామో రాయగలిగితే వాక్యం దానంతట అదే మనదవుతుంది, రాయలేకపోతున్నాం అంటే ఆ వాక్యం మన పేపర్‌లో అవసరమే లేదన్నమాట, తీసేయండి.

పనికొచ్చే అలవాటు ఏంటంటే, పేపర్ చదివేటప్పుడు నోట్స్‌లో కాపీ పేస్ట్ చేసిన ప్రతి ముక్కకీ అక్కడికక్కడే కొటేషన్ మార్కులు పెట్టి పేజీ నంబర్ రాయడం, మీ సొంత మాటల్ని వేరే రంగులో రాయడం. ఆరు నెలల తర్వాత ఆ నోట్స్ తెరిస్తే ఏది వాళ్ళది ఏది మనది అనేది జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. రాసే టైమ్‌కి ఆ పేపర్ పీడీఎఫ్ మూసేసి, అర్థమైనది మీ మాటల్లో రాసి, ఆ తర్వాత తెరిచి ఫ్యాక్ట్స్ సరిచూస్కోండి. ఇంగ్లీష్‌లో రాయడం కష్టంగా ఉందని మంచి వాక్యాల్ని ఏరుకుని అతికించుకునేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, అయినా సరే, మీ సాదా వాక్యం మీద ఎడిటర్‌కి ఉండే గౌరవం అతుకుల వాక్యం మీద ఉండదు, భాషకి సాయం చేసే మనుషులు దొరుకుతారు, పోయిన నమ్మకం మాత్రం దొరకదు.

సొంత పేపర్ నుంచి తీసుకున్నా అడుగుతారు

నా వాక్యం నేను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది అని చాలామంది కోపంగానే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, కలపొద్దు. ఒకటి, పాత పేపర్‌లో రాసిన మెథడ్స్ వాక్యాలని మళ్ళీ వాడటం, దీన్ని టెక్స్ట్ రీసైక్లింగ్ అంటారు, ఇదివరకు వాడిన పద్ధతే వాడామని చెప్పి పాత పేపర్‌ని సైట్ చేస్తే ఎడిటర్లు చాలామంది కొంతవరకు ఒప్పుకుంటారు. కానీ "పద్ధతి కోసం మా పాత పేపర్ చూడండి" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి, ఇంకో ల్యాబ్ వాళ్ళు ఆ ప్రయోగం చేయగలిగేంత వివరం ఈ పేపర్‌లోనే ఉండాలి, ఈసారి ఏం మార్చారో అదీ ఉండాలి.

రెండోది అసలు సీరియస్, పాత డేటానే కొత్తదన్నట్టు మళ్ళీ పబ్లిష్ చేయడం. దీనివల్ల నష్టం ఎవరికంటే, తర్వాత ఎవరో ఒక మందు మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి మెటా ఎనాలిసిస్ చేస్తారు, ఒకే పేషెంట్లని రెండుసార్లు లెక్కేస్తారు, ఆ మందు నిజంగా ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు తేలుతుంది, చివరికి అది డాక్టర్ చేతికి చేరుతుంది. అందుకే దీన్ని కాపీరైట్ గొడవలా చూడకండి. ఒక స్టడీని కావాలని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లుగా వేయడం కూడా ఇదే కుటుంబం.

థీసిస్ నుంచి, కాన్ఫరెన్స్ నుంచి వచ్చిన పేపర్ అయితే భయపడకుండా చెప్పేయండి. థీసిస్‌ని ముందే పబ్లిష్ అయినట్టు లెక్కేయని జర్నల్స్ చాలా ఉన్నాయి, కాన్ఫరెన్స్‌లో చిన్న అబ్‌స్ట్రాక్ట్ వచ్చినా మామూలుగా ఇబ్బంది ఉండదు, ప్రొసీడింగ్స్‌లో ఫుల్ పేపర్ వచ్చేసి ఉంటే మాత్రం కొత్తగా ఏం చేర్చారో స్పష్టంగా చూపించాలి. కవర్ లెటర్‌లో "ఈ పని ఫలానా థీసిస్‌లో భాగం, ఫలానా చోట ప్రీప్రింట్ ఉంది, మెథడ్స్‌లో కొంత భాగం మా ఫలానా పేపర్‌తో కలుస్తుంది" అని మూడు లైన్లు రాసేస్తే, రిపోర్ట్ తెరిచినప్పుడు ఎడిటర్‌కి ఆ రంగులన్నీ ముందే తెలిసినవే అవుతాయి. ఇంత చిన్న పని చేయకపోవడం వల్ల మంచి పేపర్లు కూడా అనవసరంగా ఆలస్యమవుతుంటాయి.

సాఫ్ట్‌వేర్‌కి దొరకనివి మనుషులకి దొరుకుతాయి

ఎడిటర్ రివ్యూయర్లని ఎలా వెతుకుతారో ఆలోచించండి, ఆ టాపిక్ మీద పనిచేసినవాళ్ళని, చాలాసార్లు మీ రిఫరెన్స్ లిస్ట్‌లో ఉన్నవాళ్ళనే పిలుస్తారు. అంటే మీరు ఎవరి పేరా తీసుకున్నారో సరిగ్గా వాళ్ళ చేతికే మీ పేపర్ వెళ్ళే అవకాశం బాగా ఉంది, తన వాక్యాన్ని ఎవరైనా గుర్తుపడతారు. వేరే భాషలో వచ్చిన పేపర్‌ని అనువదించి వేసుకున్నా, ఇంకొకళ్ళ ఐడియాని పేరు చెప్పకుండా వాడుకున్నా పదాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌కి కష్టమే, ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి కష్టం కాదు.

సాఫ్ట్‌వేర్‌ని మోసం చేయడానికి వాక్యాల్ని పారాఫ్రేజ్ టూల్‌లో వేసి తీసేవాళ్ళు ఎలా దొరికారో తెలుసుకోవాలి. 2021లో గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగాజినోవ్ అనే ముగ్గురు పబ్లిష్ అయిన పేపర్లలో వింత మాటలు ఏరి చూపించారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని, బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట బుజమ్ పెరిల్ అని ఉన్నాయి, టూల్ ప్రతి పదానికీ పర్యాయపదం పెట్టేయడం వల్ల టెక్నికల్ టర్మ్స్ కూడా చెడిపోయాయి. వాటికి టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు పెట్టారు, ఇప్పుడు అలాంటి మాటల లిస్టుతో పేపర్లని జల్లెడ పట్టే ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్ అనే టూల్ నడుస్తోంది. లాటిన్ అక్షరాల బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరాలు పెట్టడం, తెల్ల రంగులో కనిపించని టెక్స్ట్ ఇరికించడం లాంటివి కూడా ఇప్పుడు రిపోర్ట్‌లోనే ఫ్లాగ్ అవుతాయి, పైగా ఇలాంటిది దొరికితే పొరపాటున జరిగిందని చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది.

బొమ్మల సంగతి వేరే. 2016లో ఎలిసబెత్ బిక్, ఇంకో ఇద్దరు కలిసి 40 జర్నల్స్‌లోని 20,621 బయోమెడికల్ పేపర్లలో ఫిగర్లని కంటితో చూసి, 3.8 పర్సెంట్ పేపర్లలో డూప్లికేట్ బొమ్మల సమస్య ఉందని పబ్లిష్ చేశారు. ఒకే బ్లాట్ (ప్రోటీన్ల లాంటివి గీతల్లా కనిపించే ల్యాబ్ టెస్ట్) ఫొటోని తిప్పి, కత్తిరించి, ఇంకో ప్రయోగం అని పెట్టడం లాంటివి. ఇప్పుడు దీనికి కూడా సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ప్రూఫిగ్, ఇమేజ్‌ట్విన్ లాంటివి, సైన్స్ జర్నల్స్ కుటుంబం 2024 జనవరిలో ప్రూఫిగ్ వాడతామని ప్రకటించింది. కాబట్టి ప్రతి ఫిగర్‌కీ ఒరిజినల్ ఫైల్, తీసిన తేదీ, ఏ శాంపిల్ అనేది ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఇంకొకళ్ళ ఫిగర్ వాడితే సైట్ చేయడం ఒక పని, కాపీరైట్ ఉన్నవాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకోవడం ఇంకో పని, ఒకటి చేస్తే రెండోది అయిపోయినట్టు కాదు.

ఏఐ టూల్స్ గురించి క్లుప్తంగా చెప్తా. ఏఐని ఆథర్‌గా పెట్టకూడదని, జర్నల్స్‌కి ఎథిక్స్ విషయంలో దారి చూపే కోప్ అనే సంస్థ 2023లోనే చెప్పింది, వాడితే ఎక్కడ ఎలా వాడారో రాయమని జర్నల్స్ అడుగుతున్నాయి, రాసేయండి. ఏఐ ఇచ్చిన పేరాలో ఎవరిదైనా ఐడియా పేరు లేకుండా ఉంటే ఆ బాధ్యత మీదే. ఏఐ రాసిందా లేదా చెప్పే డిటెక్టర్లని మాత్రం నమ్మలేం, ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని సరిగా పనిచేయట్లేదని 2023 జులైలో తీసేసింది, అదే ఏడాది వచ్చిన ఒక స్టడీలో ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసిందని అలాంటి వేరే డిటెక్టర్లు తప్పుగా చెప్పాయి. కేవలం అలాంటి స్కోర్ పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని ప్రశ్నిస్తే మీ డ్రాఫ్ట్‌ల హిస్టరీ చూపించి గట్టిగానే మాట్లాడండి.

ఎడిటర్ నుంచి మెయిల్ వస్తే

పైన కోప్ అన్నాను కదా, అది పబ్లికేషన్ ఎథిక్స్ కోసం ఉన్న కమిటీ, 1997లో బ్రిటన్‌లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు మొదలుపెట్టారు, ఇప్పుడు అన్ని రకాల జర్నల్స్ అందులో మెంబర్లు. అనుమానం వస్తే ఎడిటర్ ఏం చేయాలో అడుగడుగునా చెప్పే ఫ్లోచార్ట్‌లు వాళ్ళవి ఉన్నాయి, ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు, మెయిల్ వచ్చినవాళ్ళు ముందు ఆ చార్ట్ తెరిచి మనం ఏ గడిలో ఉన్నామో చూస్కోవడం చాలా మంచిది.

సబ్మిట్ చేసిన పేపర్ విషయంలో అది దాదాపు ఇలా నడుస్తుంది. ఎడిటర్ ముందు ఎంత కలిసిందో చూస్తారు. చిన్న చిన్న మాటలే అయితే, ముఖ్యంగా డిస్కషన్‌లో, ఇంగ్లీష్ సొంత భాష కానివాళ్ళ పేపర్ అయితే, డేటా జోలికి పోకపోతే, మామూలు స్వరంతో రాసి ఈ వాక్యాలు మార్చండి లేదా కోట్ చేసి రిఫరెన్స్ పెట్టండి అంటారు. పెద్ద పెద్ద భాగాలు పేరు లేకుండా ఉంటే, లేదా ఇంకొకళ్ళ డేటాని మీ సొంతమన్నట్టు చూపిస్తే, ఆధారాలు జతచేసి కరెస్పాండింగ్ ఆథర్‌ని (జర్నల్‌తో మెయిల్స్ నడిపే ఆథర్‌ని) వివరణ అడుగుతారు. వివరణ నమ్మేలా ఉంటే, నిజంగా తెలియక జరిగిందనిపిస్తే, అప్పటికీ రిజెక్ట్ చేయొచ్చు లేదా సరిచేసి పంపమనొచ్చు. వివరణ నిలవకపోతే అందరు ఆథర్లకీ కారణం చెప్పి రిజెక్ట్ చేస్తారు, మీ ఇన్‌స్టిట్యూట్‌కి చెప్పాలా అని కూడా ఆలోచిస్తారు. అసలు జవాబే రాకపోతే మిగతా ఆథర్లకి రాస్తారు, వాళ్ళూ పలక్కపోతే ఇన్‌స్టిట్యూట్‌కి రాస్తారు. మౌనంగా ఉంటే సర్దుకుంటుంది అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు, మౌనం వల్ల విషయం పై మెట్టుకే వెళ్తుంది.

జవాబు రాసేటప్పుడు మొదటి మెయిల్‌ని నేరారోపణగా తీసుకోకండి, చాలాసార్లు అది కేవలం ప్రశ్న. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాలుగు పేజీల ఆవేశం రాసి పంపితే చదివేవాళ్ళకి లేని అనుమానం కూడా వస్తుంది. ముందు అందరు కో-ఆథర్లకీ ఆ మెయిల్ ఫార్వర్డ్ చేయండి, దాచొద్దు, ఎందుకంటే పేపర్ మీద పేరున్న ప్రతి ఒక్కళ్ళ పరువూ అందులో ఉంది. ఆ తర్వాత ఎడిటర్ చూపించిన ఒక్కో భాగం తీసుకుని, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు రాశారు, ఎందుకు సైటేషన్ లేదు, ఇప్పుడు ఎలా మారుస్తాం అని వరసగా రాయండి. మీ ప్రీప్రింటో థీసిసో అయితే లింక్ ఇవ్వండి. తప్పు జరిగిందనిపిస్తే జరిగిందని చెప్పండి, దాన్ని జూనియర్ స్టూడెంట్ మీదకి నెట్టేయకండి, అది అన్యాయం, పైగా చదివే ఎడిటర్‌కి కూడా అసహ్యంగానే ఉంటుంది.

పబ్లిష్ అయిపోయాక బయటపడితే

అప్పుడు మూడు దారులు ఉన్నాయి. చిన్నదైతే కరెక్షన్ వేసి మిస్సయిన రిఫరెన్స్ చేరుస్తారు. విచారణ నడుస్తూ తేలకపోతే ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ అని ఒక హెచ్చరిక పెడతారు. పెద్దదైతే రిట్రాక్షన్, అంటే ఆ పేపర్‌ని ఇక లెక్కలోకి తీసుకోవద్దని జర్నల్ వెనక్కి తీసుకోవడం. రిట్రాక్ట్ అయిన పేపర్ మాయమైపోదు, మామూలుగా అదే పేజీలో అదే డీఓఐతో రిట్రాక్టెడ్ అనే ముద్రతో ఉండిపోతుంది, ఎవరు రిట్రాక్ట్ చేస్తున్నారు, ఎందుకు అనేది ఫ్రీగా చదవగలిగే నోటీస్‌లో రాయాలని కోప్ గైడ్‌లైన్స్ చెప్తాయి. రిట్రాక్ట్ అయిన 2,047 బయోమెడికల్ పేపర్లని పరిశీలించి 2012లో వేసిన ఒక స్టడీలో 9.8 పర్సెంట్ ప్లేజియరిజం వల్ల, 14.2 పర్సెంట్ డూప్లికేట్ పబ్లికేషన్ వల్ల పోయాయని తేలింది. రిట్రాక్షన్ల గురించి రాసే రిట్రాక్షన్ వాచ్ అనే సైట్ వాళ్ళు ఏళ్ళ తరబడి తయారుచేసిన డేటాబేస్‌ని 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచింది, కాబట్టి మీరు సైట్ చేస్తున్న పేపర్ రిట్రాక్ట్ అయిందేమో కూడా పంపేముందు అందులో చూస్కోవచ్చు, చూస్కోండి కూడా.

ఇక్కడ ఒకటి అర్థం చేస్కోవాలి, జర్నల్ పోలీస్ కాదు. ఎవరు రాశారు, కావాలని చేశారా అనే లోతైన విచారణ, ఉద్యోగం మీదో డిగ్రీ మీదో చర్య, ఇవన్నీ ఇన్‌స్టిట్యూట్ చేతిలో ఉంటాయి. జర్నల్ చేతిలో ఉన్నది రికార్డ్‌ని సరిచేయడం వరకే, అందుకే ఇన్‌స్టిట్యూట్ కదలకపోతే కేసులు ఏళ్ళు పడతాయి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ ఏళ్ళన్నీ కాపీ పేపర్ సైటేషన్లు తెచ్చుకుంటూనే ఉంటుంది.

మీ పనినే ఎవరైనా కొట్టేస్తే

ఇది కూడా జరుగుతుంది, రివ్యూయర్ చేతిలోనే జరిగిన సందర్భం కూడా ఉంది. మైకేల్ డాన్సింజర్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన టీమ్ కలిసి పంపిన పేపర్‌ని ఒక పేరున్న మెడికల్ జర్నల్ 2015లో రిజెక్ట్ చేసింది, దాన్ని రివ్యూ చేసిన వ్యక్తే కొన్ని నెలలకి అదే పనిని తన పేరుతో వేరే జర్నల్‌లో వేసుకున్నాడు. ఆ పేపర్ రిట్రాక్ట్ అయింది, డాన్సింజర్ 2016లో ఆ మొదటి జర్నల్‌లోనే ఆ వ్యక్తి పేరు పెట్టకుండా అతన్ని ఉద్దేశించి ఉత్తరం రాశాడు. వాళ్ళ దగ్గర పాత మాన్యుస్క్రిప్ట్, తేదీలు ఉన్నాయి కాబట్టే నిరూపించగలిగారు. మీ ఫీల్డ్‌లో అలవాటు ఉంటే పంపేముందు ప్రీప్రింట్ పెట్టుకోమని చెప్పేది ఇందుకే, తేదీతో సహా పబ్లిక్‌గా ఉంటుంది, ఎవరూ కాదనలేరు.

కాపీ కనిపించగానే సోషల్ మీడియాలో పేరు పెట్టి తిట్టాలనిపిస్తుంది, ఆగండి. ముందు ఆ పేపర్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి దాచండి. ఒక టేబుల్ చేయండి, ఎడమ పక్క మీ వాక్యం పేజీ నంబర్‌తో, కుడి పక్క వాళ్ళ వాక్యం పేజీ నంబర్‌తో, ఫిగర్లు ఉంటే అవి కూడా పక్కపక్కన. మీ పేపర్ ఎప్పుడు సబ్మిట్ అయింది, ఎప్పుడు పబ్లిష్ అయింది, వాళ్ళది ఎప్పుడు, ఈ నాలుగు తేదీలు పైన రాయండి. తర్వాత ఆ కాపీ పేపర్‌ని పబ్లిష్ చేసిన జర్నల్ ఎడిటర్‌కి రాయండి, మీ పేపర్ వచ్చిన జర్నల్ ఎడిటర్‌కి కాపీ పెట్టండి. మెయిల్‌లో దొంగ, మోసగాడు లాంటి మాటలు వద్దు, "ఈ భాగాలు కలుస్తున్నాయి, మీ ప్రాసెస్ ప్రకారం పరిశీలించండి" అని రాస్తే చాలు, టేబులే మాట్లాడుతుంది.

కొన్ని వారాల్లో అందినట్టు కూడా జవాబు రాకపోతే పబ్లిషర్‌కి ఎథిక్స్ కోసం విడిగా ఈమెయిల్ ఉందేమో చూసి అక్కడికి పంపండి, అదీ పలక్కపోతే, జర్నల్ కోప్ మెంబర్ అయితే కోప్‌కి కంప్లైంట్ చేయొచ్చు. కోప్ మీ పేపర్ కాపీ అయిందా లేదా అని తీర్పు చెప్పదు, జర్నల్ పాటించాల్సిన ప్రాసెస్ పాటించిందా లేదా అనేదే చూస్తుంది, కాబట్టి ఎప్పుడు ఎవరికి రాశారో ఆ మెయిల్స్ అన్నీ ఉంచుకోవాలి. రిట్రాక్షన్ నోటీస్ వచ్చాక కూడా ఒకసారి తెరిచి చదవండి, అందులో మీ ఒరిజినల్ పేపర్ పేరు, డీఓఐ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే చేర్చమని అడగండి, అప్పుడే ఆ కాపీ పేపర్ దగ్గరకి వచ్చిన రీడర్‌కి అసలు పని ఎక్కడుందో తెలుస్తుంది.